బూడిదరంగు పెద్దమనిషి

మా ఆయనకి కూరలో ఉప్పు పడిందో లేదో తెలియదు. చొక్కా బొత్తాలు వరస తప్పి పెట్టుకున్నా తెలియదు. కానీ వరండాలో బల్బు మారిస్తే మాత్రం గుమ్మం అవతలే ఆగిపోయి, "ఎవరు మార్చారిది? అందరికీ కామెర్లొచ్చినట్టుంది" అని కేకేస్తాడు. పాత బల్బు మళ్లీ పెట్టేదాకా లోపలికి రాడు. ఒకసారి అలాగే బయట నిలబడనిచ్చి నేను భోజనం చేసేశాను.

మాది ఫోటో స్టూడియో. ముందు గదిలో కౌంటరు, ప్రింటరు, నేను. వెనక గదిలో లైట్లు, ఒక స్టూలు, ఆయన. ఆ గది గోడలకి కావాలని బూడిదరంగు వేయించాడు. వచ్చినవాళ్లు చుట్టూ చూసి, "ఇంకా రంగులు వేయడం అవలేదా అండీ?" అని అడుగుతారు. గోడ ఎర్రగా ఉంటే ఆ ఎరుపు పక్కన కూర్చున్న మనిషి బుగ్గమీదికి పాకుతుందని ఆయన బాధ. మన కళ్లకి తెలియదుట, కెమెరాకి తెలుస్తుందిట. ఎవరైనా ముదురు ఆకుపచ్చ చొక్కా వేసుకొస్తే గడ్డం కింద ఆకుపచ్చ పడుతుందని ఒక బూడిదరంగు శాలువా ఒళ్లో కప్పుతాడు. ఎండాకాలంలో శాలువా కప్పించుకోవడానికి ఎంత ఓపిక కావాలో మీరే ఆలోచించండి.

ఎదురుగా టార్పాలిన్లు అమ్మే షాపు ఉంది. వాళ్లొకసారి నారింజరంగు టార్పాలిన్ ఒకటి బయట వేలాడదీశారు. మధ్యాహ్నం ఎండ దానిమీద పడి మా స్టూడియోలోకి వచ్చేది. ఆయన రోజూ వెళ్లి బతిమాలేవాడు. చివరికి ఆ షాపాయన విసిగిపోయి, "ఏ రంగుది కట్టమంటారో మీరే చెప్పండి మాస్టారూ" అన్నాడు. ఏ రంగు చెప్పి ఉంటాడో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటికీ అక్కడ బూడిదరంగు టార్పాలినే వేలాడుతోంది. ఎవరూ కొనరు కాబట్టి దానికి వచ్చిన భయమేమీ లేదు.

ఇదంతా ఎందుకంటే, ఏ లైటు కింద ఏది తెలుపో కెమెరాకి మనమే చెప్పాలి. ఫిలమెంటు బల్బు కింద తెల్ల కాగితం నారింజగా ఉంటుంది, ట్యూబులైటు కింద కాస్త ఆకుపచ్చగా, నీడలో నీలంగా ఉంటుంది. మన కన్ను ఎక్కడికక్కడ సర్దుకుపోయి "తెలుపే" అనేస్తుంది. కెమెరాకి సర్దుకుపోవడం రాదు. చెప్పకపోతే తనకి తోచింది ఖాయం చేసుకుని కూర్చుంటుంది, మా ఆడపడుచులాగా. తెలుపు తప్పిందంటే మనిషి రంగూ తప్పుతుంది.

అందుకని మా స్టూడియోలో స్టూలెక్కిన ప్రతివాళ్లూ మొదటి ఫోటోకి ఒక అట్ట గడ్డం కింద పట్టుకోవాలి. బూడిదరంగు అట్ట. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ అందులో సమానంగా ఉంటాయి. ఎవరి పక్షమూ కాదు. దాన్ని చూపించి ఇదీ లెక్క అని కెమెరాకి చెప్పాక మిగతా ఫోటోలు తీస్తాడు. మా ఇంట్లో ఆ అట్ట పేరు పెద్దమనిషి. "పెద్దమనిషిని పట్టుకున్నారా? అయితే ఇటు చూడండి" అంటాడు. "దొంగతనంలో దొరికిపోయినట్టుంది మాస్టారూ" అని నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే రెండో ఫోటో తీసేస్తాడు.

"కాస్త తెల్లగా వచ్చేలా చూడండి" అని చెవిలో చెప్పేవాళ్లకి ఎప్పుడూ లోటు లేదు. "తెలుపు కావాలంటే సున్నం వెయ్యాలి. మీరు గోడ కాదుగా" అంటాడు. కోపమొచ్చి వేరేచోటికి వెళ్లినవాళ్లున్నారు. అందులో చాలామంది తిరిగొచ్చారు. ఒకావిడ అయితే, వేరేచోట తీయించుకున్న తెల్లటి ఫోటోతో ఉన్న గుర్తింపు కార్డు చూసిన గేటు కాపలాదారు ఆవిడ చెల్లెలు ఎప్పుడొస్తుందని అడిగాడని చెప్పింది. మా స్టూడియోకి ఉన్న పేరంతా ఒక్కటే, ఇక్కడ ఎవరి రంగు వాళ్లకే వస్తుందని.

నా సంగతీ అంతే. పెళ్లికి ముందు నేనొక ఆఫీసులో పనిచేసేదాన్ని. గుర్తింపు కార్డులకి ఫోటోలు తీయడానికి ఈయన వచ్చాడు. అప్పట్లో ఫిల్ము రోజులు. నాది చామనఛాయ, అడుగున కాస్త ఎరుపు. అప్పటిదాకా నా ఫోటోలు రెండే రకాలు. కొన్నిట్లో బొగ్గు, కొన్నిట్లో పిండి. ఈయన ఫోటో కడిగించి, రంగు తప్పిందని ల్యాబువాళ్లతో పోట్లాడి మళ్లీ వేయించి తెచ్చాడట. ఆఫీసులో అందరి ముందూ నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, ఫోటో నా బుగ్గ పక్కన పెట్టి చూసి, "సరిపోయింది" అన్నాడు. ఆయన చూసింది నన్ను కాదు, నా రంగుని. అయినా నాకు సిగ్గేసింది. అద్దంలో తప్ప నేను నాలా కనిపించడం అదే మొదటిసారి.

ఆ ఫోటో ఆయన సొరుగులో, నల్ల కవరులో ఉంటుంది. వెలుతురు తగిలితే వెలిసిపోతుందని నన్ను కూడా ఎక్కువసేపు చూడనివ్వడు. పెళ్లయ్యాక ఏటా పెళ్లిరోజున నన్ను అదే స్టూలు మీద కూర్చోబెట్టి ఒక ఫోటో తీయడం ఆయనకి అలవాటు. ముందు గది గోడమీద నేను వరసగా వేలాడుతూ ఉంటాను. ఒకే మనిషి ఏళ్లతరబడి వరసలో నిలబడ్డట్టుంటుంది.

ఇలా సాగిపోతున్న కాపురంలో ఆయనకి పసుపు పట్టుకుంది.

మొదట కంప్యూటరు తెర పసుపుగా ఉందన్నాడు. కొత్తది కొన్నాం. అదీ పసుపే అన్నాడు. వెనక గది గోడలు పసుపెక్కాయని మళ్లీ రంగు వేయించాడు. అది వేసినాయన రెండు గోడల్నీ మార్చి మార్చి చూసి, "ఏం తేడా ఉందమ్మా?" అని నన్ను కళ్లతో అడిగాడు. నేను కళ్లతోనే తెలియదన్నాను.

అదే రోజుల్లో ఆయన నాకో మాట చెప్పాడు. "నీ వయసు ఆడవాళ్లందరికీ జుట్టు నెరిసిపోయింది. నీది ఇంకా తేనెరంగులోనే ఉంది" అన్నాడు. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఈ మనిషి నోటివెంట రాని మాట. ఆ రోజంతా నేను నేలమీద నడవలేదు. అద్దం వేరే మాట చెబుతూనే ఉంది, కానీ అద్దం మాట ఎవరిక్కావాలి?

తరవాత ఫోటోలు వెనక్కి రావడం మొదలైంది. బడి టీచరమ్మ పిల్లల గ్రూపు ఫోటో పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టింది. "ఫోటో బాగానే ఉందండీ. కానీ పిల్లల్ని గంటసేపు చలిలో నిలబెట్టి తీసినట్టున్నారు" అంది. నిజమే, పిల్లల పెదాలు నీలంగా ఉన్నాయి. ఆయన తెరపక్క నుంచి వచ్చి, "మీ వరండా నీడలో నీలం ఉంటుందమ్మా. నేను అదంతా తీసేశాను కూడా" అన్నాడు. ఆవిడ మర్యాదస్తురాలు, వెళ్లిపోయింది. మర్నాడు రొట్టెల షాపాయన వచ్చాడు. ఆయనకి అంత మర్యాద లేదు.

"వదినగారూ, నేను పొద్దస్తమానం పొయ్యి ముందుండే మనిషిని. అన్నయ్యగారు నన్ను ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చేశారేమిటి?" అన్నాడు.

"నీ షాపులో లైటు తప్పు. అక్కడ పెట్టి చూడకు" అని లోపల్నుంచి కేకేశాడు మా ఆయన.

మా అమ్మాయి పక్క వీధిలో ఉంటుంది. రోజూ స్టూడియోకి వచ్చి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. అది రొట్టెలాయన ఫోటో కంప్యూటర్లో తెరిచి చూసింది. పెద్దమనిషిని పట్టుకుని తీసిన మొదటి ఫోటో సరిగ్గానే ఉంది. కెమెరా చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆ తరవాత వాళ్ల నాన్న కంప్యూటరు ముందు కూర్చుని, పసుపు ఉందనుకుని, కాస్త కాస్తగా నీలం ఎక్కించాడు. ఒక్క ఫోటోకి కాదు, అన్నిటికీ.

"నాన్నకి చెబుదామా?" అంది మెల్లిగా.

"నువ్వే చెప్పు, నువ్వంటే ఆయనకి ముద్దు" అన్నాను. అది చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అదేం చేసిందంటే, వాళ్ల నాన్న భోజనానికి లేచినప్పుడు ఆయన ఎక్కించిన నీలమంతా దించేసి ప్రింటుకి పంపేది. ఆయన వచ్చి ప్రింటు చూసి, "మళ్లీ పసుపు!" అని తల పట్టుకుని, ఈసారి ఇంకా నీలం ఎక్కించేవాడు. ఇది ఇంకా దించేది. తండ్రీకూతుళ్లు ఒకే మనిషి మొహాన్ని చెరోవైపూ లాగుతుంటే మధ్యలో ప్రింటరుకి చెడ్డపేరు వచ్చింది. మెకానిక్కు వచ్చి దాన్ని విప్పి, తుడిచి, బిగించి, "దీనికేం రోగం లేదు" అని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పటికీ ఊరుకునేదాన్నేమో. ఒకరోజు పొద్దున్న ఆయన మంచంమీద దుప్పటి ఎత్తి చూసి, "నువ్వీమధ్య బట్టలు సరిగ్గా ఉతకడం లేదు. తెల్ల దుప్పట్లన్నీ పసుపు పట్టిపోయాయి" అన్నాడు.

అక్కడ నాకు మండింది. బల్బుని అన్నాడు, ఊరుకున్నాను. గోడని అన్నాడు, ఊరుకున్నాను. నా ఉతుకుని అంటే ఎలా ఊరుకుంటాను? అంత కోపంలోనూ దాన్ని లాక్కుని కిటికీ వెలుతురులో చూశాను. మంచు ముద్దలా ఉంది ఆ దుప్పటి. ఈ మనిషికి అది పసుపుగా కనిపిస్తోంది. మరి నా జుట్టు తేనెరంగు అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. చెప్పొద్దూ, దుప్పటి కంటే ముందు దానికే ఏడుపొచ్చింది.

"పదండి స్టూడియోకి. పెద్దమనిషి దగ్గరే తేల్చుకుందాం" అన్నాను.

అట్టని స్టూలు మీద పెట్టించి ఆయన చేతే ఫోటో తీయించాను. మా అమ్మాయి దాన్ని కంప్యూటర్లో తెరిచి, కావాలని రంగు అటూ ఇటూ చెడగొట్టింది. రంగు అంకెలు కనిపించే మూల మీద నేనో కాగితం ముక్క అంటించాను.

"అంకెలు చూడకండి. కంటితో చూసి దీన్ని అచ్చమైన బూడిదరంగు చెయ్యండి" అన్నాను.

"ఇదేం పరీక్ష? చిన్నపిల్లలు చేస్తారు" అని నవ్వుతూ కూర్చున్నాడు. కాస్త ఇటు జరిపాడు, కాస్త అటు జరిపాడు, కళ్లు చిట్లించాడు, వెనక్కి వాలి చూశాడు. చివరికి చేతులు దులుపుకుని, "అదిగో. ఇంతకంటే బూడిదరంగు ప్రపంచంలో లేదు" అన్నాడు.

నేను కాగితం పీకాను. మూడు అంకెలూ సమానంగా ఉండాలి. ఎరుపు కింద ఉంది, ఆకుపచ్చ దానికి కొంచెం పైన ఉంది, నీలం అటకెక్కి కూర్చుంది.

ఆయన చాలాసేపు ఆ అంకెలకేసి చూశాడు. నేను దెబ్బలాడటానికి సిద్ధంగా ఉన్నాను. కంప్యూటరుని తిడతాడనుకున్నాను, నన్ను తిడతాడనుకున్నాను. ఆయన లేచి వెళ్లి స్టూలు మీది అట్టని తీసి, దాని అంచులు తుడిచి, చేతిలో పట్టుకున్నాడు.

"పెద్దమనిషి చెప్పాడుగా. ఇంకేముంది" అన్నాడు. ఆ గొంతు వింటే నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

కంటి డాక్టరమ్మ చూసి శుక్లాలంది. రెండు కళ్లకీ ఉన్నాయంది. కంట్లో ఉండే అద్దం వయసుతోపాటు పసుపెక్కుతుందిట. నెమ్మదిగా వస్తుంది కాబట్టి లోకమే పసుపెక్కిందనుకుంటాంట. ఆపరేషను చేసి కొత్త అద్దం పెడితే సరిపోతుందంది.

"పెట్టాక రంగులు ఎలా కనిపిస్తాయి?" అని అడిగాడు ఆయన. చూపు ఎలా ఉంటుందని అడగలేదు.

"మారతాయండీ. మొదట్లో అన్నీ నీలంగా అనిపిస్తాయి. కొన్నాళ్లకి సర్దుకుంటుంది" అందావిడ.

ఇంటికొచ్చి రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. ఆపరేషను వద్దన్నాడు. భయపడుతున్నాడని తెలుసు, సూదికనుకున్నాను. కాదు. "ఇదిగో, విను. ఈ కన్ను తప్పు చూస్తోంది, ఒప్పుకున్నాను. కానీ ఇన్నేళ్లూ మనుషుల్ని చూసింది దీంతోనే. ఎవరి బుగ్గలో ఎంత ఎరుపుందో దీనికే తెలుసు. కొత్తదానికి అదేమీ తెలియకపోతే? ఇంక నేను ఏం పనికొస్తాను?" అన్నాడు.

నాకూ అదే భయం. ఆ కన్ను పోతే ఈ మనిషిలో నేను కట్టుకున్న మనిషి ఎంత మిగులుతాడు? పైకి మాత్రం, "మీకు తెలియకపోతే పెద్దమనిషిని అడుగుదాం. ఆయనకేం శుక్లాలు రాలేదుగా" అన్నాను. అప్పుడు నవ్వాడు. మర్నాడు ఆపరేషనుకి ఒప్పుకున్నాడు.

ముందు కుడికన్ను. కట్టు విప్పేటప్పుడు నేను ఎదురుగా కుర్చీలో ఉన్నాను. నిజం చెప్పాలంటే లేచి పారిపోవాలనిపించింది. ఇన్నాళ్లూ ఆ పసుపు తెర చాటున నేను హాయిగా ఉన్నాను. ముడతలు లేవు, మచ్చలు లేవు, జుట్టు తేనెరంగు. ఇప్పుడు అన్నీ బయటపడతాయి.

ఆయన ముందు గోడని చూశాడు. కుడికన్ను మూసి ఎడమకంటితో, ఎడమది మూసి కుడికంటితో. తరవాత నేను ఇంటినుంచి తెచ్చి పరిచిన తెల్ల దుప్పటిని అలాగే చూశాడు. "బాబోయ్! ఈ కంటికి పగలు, ఆ కంటికి బల్బు!" అని గట్టిగా అరిచాడు. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఆవిడ తెల్ల కోటుని కూడా ఒక్కో కంటితో చూస్తుంటే, కన్ను కొడుతున్నాడనుకుని ఆవిడ నా మొహం చూసింది. "ఏమీ అనుకోకమ్మా, మా ఆయన తెలుపు సరిచూసుకుంటున్నాడు" అన్నాను.

అప్పుడు నావైపు తిరిగాడు. ఎడమకన్ను చేత్తో మూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"నీ జుట్టు ఎప్పుడు నెరిసింది?" అన్నాడు.

"మీరు తేనెరంగన్నారుగా, అప్పుడే" అన్నాను. ఆయన దుప్పటి మీద వేళ్లతో రాస్తూ కూర్చున్నాడు. "దుప్పటి బాగా ఉతికావు" అన్నాడు ఆఖరికి. క్షమాపణలో అంతకంటే ముందుకి ఈయన ఎప్పుడూ వెళ్లలేదు.

ఎడమకన్ను కూడా అయ్యి, లోకం కాస్త సర్దుకునేదాకా స్టూడియోలో రంగులు మా అమ్మాయే చూసింది. ఈయన ముందు గదిలో నా పక్కన కూర్చుని ఫోటోలు కత్తిరించేవాడు, వంకరగా. ఎవరైనా లోపలికి వస్తే కత్తెర ఆపి వాళ్ల బుగ్గలవైపు చూసేవాడు. అడగలేక, ఉండలేక అవస్థపడేవాడు. ఒక సాయంత్రం తనే కాగితం ముక్క తెచ్చి కంప్యూటరు మూలకి అంటించుకున్నాడు. మా అమ్మాయి అట్ట ఫోటోలో రంగు చెడగొట్టి ఇచ్చింది. నేను కౌంటరు దగ్గరే ఉండిపోయాను. కాసేపటికి మా అమ్మాయి, "అమ్మా, రా!" అని కేకేసింది. వెళ్లి చూస్తే మూడు అంకెలూ పక్కపక్కనే, భుజం భుజం రాసుకుంటూ ఉన్నాయి. ఆయన కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. ఆ రోజు కూరలో నేను నిజంగానే ఉప్పు వెయ్యలేదు. ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు.

పెళ్లిరోజు వచ్చింది. ఈ ఏడాది వద్దన్నాను. "ఎందుకు?" అన్నాడు. "మీకు కళ్లొచ్చాయి కాబట్టి" అన్నాను. వింటేగా. స్టూలు మీద కూర్చోబెట్టాడు. నేను అలవాటుగా అట్టకోసం చెయ్యి చాపాను.

"అక్కర్లేదు. కదలకుండా ఉండు" అని కెమెరా నా తలకి దగ్గరగా తెచ్చి, నా జుట్టుని ఫోటో తీసి, ఇదే తెలుపని కెమెరాకి చెప్పాడు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. ఆ నవ్వు ఉండగానే రెండో ఫోటో తీసేశాడు. తరవాత అనుమానం తీరక అట్ట చేతికిచ్చి, దాని లెక్క మీద ఇంకోటి తీశాడు. రెండూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టాడు. మా అమ్మాయికి తేడా తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆయన ముక్కు తెరకి ఆనించి చూసి, "పెద్దమనుషులిద్దరిదీ ఒకటే మాట" అన్నాడు.

ప్రింటు తీశాక సొరుగులోంచి నల్ల కవరు తీశాడు. మా ఆఫీసులో తీసిన ఆ పాత ఫోటో బయటికొచ్చింది. నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పాత ఫోటో ఒక బుగ్గ పక్కన, కొత్తది ఇంకో బుగ్గ పక్కన పెట్టాడు. రోడ్డుమీద వెళ్లేవాళ్లు చూస్తున్నారు. టార్పాలిన్ల షాపాయన కూడా చూస్తున్నాడు. పాత ఫోటోలో నల్లటి జుట్టు, నున్నటి మొహం. కొత్తదాంట్లో ఏవీ దాచలేదు, ముడతలు ముడతల్లాగే ఉన్నాయి. ఆయన మాత్రం వాటివైపు చూడటం లేదు. ఆ బుగ్గ, నా బుగ్గ, ఈ బుగ్గ, మళ్లీ మొదటిది, అలా చూసుకుంటూ వచ్చాడు. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను.

"సరిపోయింది" అన్నాడు.

ఈసారి చూసింది రంగుని మాత్రమే కాదని నాకు తెలుసు. అయినా అదివరకటిలాగే సిగ్గేసింది. ఆ ఫోటో ఇప్పుడు ముందు గదిలో, వరస చివర ఉంది. దానికి ఆయన కంప్యూటర్లో ఏమీ చెయ్యలేదు.